గడియారాల నడుమ ఒక జీవితం: నవాబు మూడవ సాలార్ జంగ్

చాంద్రాయణగుట్ట చౌరస్తా నుండి చార్మినారు దిక్కుగా బయలుదేరిన బాటసారికి కొంత దూరం పోగానే గుట్టమీద ఫలక్‌నుమా ప్రాసాదం దర్శనమిస్తుంది. పైగా వంశీయులైన నవాబు వికారుల్ ఉమ్రా 1884లో దానికి పునాది వేయించి, సుమారు తొమ్మిదేండ్లు శ్రమపడి కట్టించారు. ఇటలీ పాలరాయి, నూట ఒక్క మంది ఒకేసారి కూర్చొని భుజింపదగిన బల్ల, అద్దాలు, దీపవృక్షాలు, ఇలా ఏ ఒక్కటీ తక్కువ కాలేదు. తక్కువైనది ధనమే. అప్పులు మెడకు చుట్టుకొన్న తరువాత ఆ ప్రాసాదం ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ గారి పరమైనది. తనకున్నదంతా ఒకే ఒక వస్తువులో పోసిన మనిషి కథ మా కళాశాలకు పోయే దారిలోనే ఉన్నదన్నమాట. ఆ దారిన నిత్యం బస్సులో పోయే మాకు ఈ సంగతి చాలాకాలం తట్టలేదు.

తట్టడానికొక కారణం కలిగింది. మాకు పెద్దవారు, మాతో చిరకాలం పనిచేసిన ఒక అధ్యాపకులు ఉన్నారు. వారివద్ద ఒక చెక్కపెట్టెలో పద్నాలుగు గడియారాలున్నవి. అధికభాగం హెచ్.ఎమ్.టి. వారివి. 1961లో జపాను దేశపు సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగుళూరులో ఆరంభమై, ఒక తరం వారి పెండ్లిళ్ళకు, పరీక్షల ఉత్తీర్ణతలకు, ఉద్యోగ విరమణలకు కానుకలందించిన ఆ సంస్థ గడియారాల కర్మాగారాలను మూసివేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. తక్కినవాటిలో వారి తండ్రిగారు వాడిన వెండి జేబుగడియారం ఒకటి. ఈ పెట్టెనంతటినీ ఇచ్చివేసి, బదులుగా స్విట్జర్లాండులో తయారైన ఒక ఖరీదైన క్రోనోగ్రాఫ్‌ను తీసుకోవాలని వారి సంకల్పం. ఒక వర్తకుడు అందుకు సిద్ధపడ్డాడు కూడా. పద్నాలుగింటికి చావి త్రిప్పే ఓపిక లేదని, ఒక్కటి మంచిది ఉంటే చాలునని వారి వాదం. మాలో కొందరు ఔనన్నారు, కొందరు కాదన్నారు. వాదం తేలలేదు. ఆ చర్చలో పదేపదే వచ్చిన పేరు నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్, మూడవ సాలార్ జంగ్. అనేక వస్తువులలో ఏ ఒక్కదానినీ విడిచిపెట్టలేని మనిషిగా నగరం వారిని ఎరుగును. అందుచేత ఈ సంచికలో వారి జీవితాన్ని గూర్చి కొంత వ్రాయ సంకల్పించాము.

వారు 1889 జూన్ 13న పూనాలో జన్మించారు. తండ్రి మీర్ లాయఖ్ అలీఖాన్, రెండవ సాలార్ జంగ్, అంతకు రెండేండ్ల ముందు వరకు హైదరాబాదు దివానుగా ఉండినవారు. కుమారుడు పుట్టి నెల తిరగకముందే ఆ తండ్రి గతించారు. తాత మీర్ తురాబ్ అలీఖాన్, మొదటి సాలార్ జంగ్, అంతకు ముందే 1883లో మరణించారు. ఇరువది నాలుగేండ్ల వయస్సులో దివానుగిరీ స్వీకరించి ముప్పది సంవత్సరాలు రాజ్యభారం వహించిన మహనీయుడాయన. శిథిలమైయున్న రాజ్యాన్ని జిల్లాలుగా ఏర్పరచి, శిస్తు వసూలును కాంట్రాక్టుదారుల చేతినుండి తప్పించి, ఖజానాను నిలబెట్టారు. అంతటి వంశానికి మిగిలిన ఏకైక అంకురం నెలకూడా నిండని శిశువు. కోపల్, యల్‌బుర్గా, కోస్గి మొదలైన విస్తారమైన జాగీరులు ఆ శిశువు పేరున ఉండినవి. ప్రభుత్వమే వాటిని కనిపెట్టి చూచింది. మహబూబ్ అలీఖాన్ గారు బాలుని చదువును, పెంపకాన్ని స్వయంగా విచారించుకొనేవారు. తండ్రి ముఖం ఎరుగని ఆ పిల్లవానికి తండ్రి, తాతలు మిగిల్చిపోయిన వస్తువులే వారి జ్ఞాపకాలని మేము ఊహిస్తున్నాము. ఇది మా ఊహయే గాని ఎక్కడా చదివినది కాదు.

ఆ వస్తువులలో ఒకటి నేటికీ మ్యూజియంలో జనాన్ని నిలబెట్టుచున్నది. 1876లో మొదటి సాలార్ జంగ్ ఐరోపా యాత్ర చేసినప్పుడు రోము నగరంలో బెంజోనీ అనే శిల్పి చెక్కిన పాలరాతి విగ్రహాన్ని కొన్నారు. ముసుగు వేసుకొన్న రెబెకా విగ్రహమది. రాతిలో చెక్కిన మేలిముసుగు వెనుక ముఖం కనిపించడం అందులోని విచిత్రం. తాత కొన్న ఆ ఒక్క విగ్రహం ముందు మనుమడు ఎన్ని గడియలు నిలబడి ఉంటాడో!

1911 ఆగస్టులో మహబూబ్ అలీఖాన్ గారు ఫలక్‌నుమాలోనే కన్నుమూశారు. మీర్ ఉస్మాన్ అలీఖాన్ గారు సింహాసనమెక్కారు. మరుసటి సంవత్సరం, 1912లో, మహారాజా కిషన్ పర్షాద్ గారి స్థానంలో యూసుఫ్ అలీఖాన్ గారు దివాను అయ్యారు. అప్పటికి వారి వయస్సు ఇరువది మూడు. తాత కంటె ఒక ఏడాది ముందుగానే ఆ పీఠమెక్కారన్నమాట. అయితే ఆ పదవి రెండు సంవత్సరాల పైచిలుకు మాత్రమే సాగింది. 1914 చివరలో వారు దానిని విడిచిపెట్టారు. తరువాత నిజాం గారు దివాను లేకుండానే కొన్నేండ్లు పరిపాలన తామే చూచుకొన్నారు. రాజకీయ చరిత్ర వ్రాసేవారు ఈ రెండేండ్లను గూర్చి ఎక్కువ వ్రాస్తారు. మాకు మాత్రం ఆ తరువాతి ముప్పదిఅయిదేండ్లే ముఖ్యం.

ఇరువదిఅయిదేండ్ల వయస్సులో, అపారమైన ఆదాయంతో, పెండ్లి లేక, పదవి లేక, ఒక మనిషి ఏమి చేయగలడు? ఆ కాలపు నవాబులలో చాలామంది ఏమి చేశారో అందరికీ తెలిసినదే. వీరు పత్తర్‌గట్టీ సమీపాన ఉన్న దివాన్ దేవ్‌డీలో కూర్చొని ప్రపంచాన్ని తమ ఇంటికి రప్పించుకొన్నారు. తరతరాలుగా దివానులు నివసించిన ఆ దేవ్‌డీలో అయినాఖానా, లక్కడ్‌కోట్ వంటి భవనాలుండేవి. పింగాణీ, దంతం, మరకతశిల, వ్రాతప్రతులు, ఆయుధాలు, తివాచీలు, చిత్రపటాలు, ఆటబొమ్మలు అక్కడికి చేరుతూ వచ్చినవి. వర్తకులు తెచ్చి చూపేవారు, విదేశాలలోని ప్రతినిధులు కొని పంపేవారు, యాత్రలలో వీరే స్వయంగా ఏరి తెచ్చుకొనేవారు. కవులను, రచయితలను ఆదరించడంలోనూ వీరి చేయి పెద్దదే.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. వారు సేకరించినవన్నీ ఉత్తమ కళాఖండాలు కావు. నూర్జహాన్ పేరుతో ప్రసిద్ధమైన బాకు ఉన్న కొలువులోనే సామాన్యమైన మేజాబల్ల అలంకారాలూ ఉన్నవి. వివేకి ఒకడు పక్కన నిలిచి, ఈ నూరింటినీ అమ్మివేసి ఆ ఒక్కటి కొనుమని సలహా చెప్పియుంటే, ధరల లెక్కలో అది తప్పు సలహా కాకపోవును. కాని వారి సేకరణకు ఆ లెక్క పట్టదు. బొమ్మల పట్ల వారికెంత ప్రీతియో వ్రాతప్రతుల పట్లనూ అంతే. ఒకే మానిసిలో పండితుడు, పసివాడు కాపురముంటే కొలువు అలాగే ఉంటుంది.

గడియారాల విషయంలో ఆ ఇద్దరూ ఏకమైనారు. ఫ్రాన్సు, ఇంగ్లండు, స్విట్జర్లాండు, జర్మనీ, హాలెండు దేశాల గడియారాలు వారి సొత్తులో ఉన్నవి. నిలువెత్తు పెట్టెగడియారాలు, బల్లమీద పెట్టేవి, పక్షిపంజరం ఆకారంలో ఉండేవి, భూతద్దం పెట్టిగాని చూడరానంత చిన్నవి, అన్నీ ఉన్నవి. అస్థిపంజర గడియారాలనే జాతి ఒకటున్నది. వాటికి పైతొడుగు ఉండదు. పళ్ళచక్రాలు ఒకదానినొకటి ఎట్లు త్రిప్పుచున్నవో, చుట్టుకొన్న స్ప్రింగు బలాన్ని లోపలి చిన్న కొక్కెం ఎట్లు కొద్దికొద్దిగా విడిచిపెట్టుచున్నదో బయటికే కనబడుతుంది. భౌతికశాస్త్రం చదివే మా విద్యార్థులు పాఠ్యపుస్తకంలోని బొమ్మకు బదులు వాటి ముందు అరగంట నిలబడితే మేలు.

అన్నిటిలోకి పేరుగాంచినది సంగీత గడియారం. దాని భాగాలు ఇంగ్లండు నుండి వచ్చినవి. మూడువందల యేబది పైచిలుకు భాగాలను కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ వారు కూర్చారు. ముఖ్యమైన ముఖఫలకంతో పాటు వారం, తేదీ, నెల తెలిపే చిన్న ఫలకాలు మూడున్నవి. లోపల ఒక కమ్మరి బొమ్మ ఎడతెగక సుత్తితో దాగలి మీద కొట్టుచుండును. ఒక్కొక్క దెబ్బ ఒక్కొక్క సెకను. గంట పూర్తికావడానికి మూడు నిమిషాల ముందు పై అంతస్తులో తలుపు తెరచుకొని గడ్డం ఉన్న చిన్న మనిషి బయటికి వస్తాడు. సరియైన వేళకు ఎన్ని గంటలైనదో అన్నిసార్లు గంట వాయించి లోపలికి పోతాడు. ఇంతే అతని ఉద్యోగం. ఈ ఉద్యోగాన్ని చూడటానికి పగలు పన్నెండుకు ముందు వందలాది మంది వరుసగా బల్లల మీద కూర్చొంటారు. వెనుక ఉన్నవారి కోసం పెద్ద తెర కూడా పెట్టారు. పన్నెండు గంటలకే ఎందుకంటే అప్పుడు దెబ్బలు ఎక్కువ!

మా అధ్యాపకులు కోరిన క్రోనోగ్రాఫ్ వంశం వేరు. అది వేళను చెప్పడంతో తృప్తిపడదు, ఎంతసేపైనదో కొలుస్తుంది. 1821లో పారిసు నగరపు గుర్రపు పందెములలో రియుసెక్ అనే గడియారాల పనివాడు ఒక యంత్రాన్ని ఉపయోగించాడు. ఒక్కొక్క గుర్రం గీత దాటినప్పుడు అది తిరిగే పలక మీద సిరాచుక్క పెట్టేది. కాలాన్ని వ్రాసేది అని అర్థం వచ్చే గ్రీకు పదాలతో దానికి పేరు పెట్టారు. నేటి క్రోనోగ్రాఫులు ఏమీ వ్రాయకపోయినా ఆ పేరు నిలిచిపోయింది. 1844లో అడాల్ఫ్ నికోల్ అనే స్విస్ పనివాడు హృదయాకారంలో ఉండే చిన్న రేకుకు హక్కుపత్రం పొందాడు. మీట నొక్కగానే ముల్లు ఎక్కడున్నా సున్నాకు దూకడం ఆ రేకు మహిమే. ప్రక్కనున్న రెండు మీటలు, వాటి వెనుక మామూలు గడియారం కంటె ఎన్నో ఎక్కువ భాగాలు, వాటిని విప్పి శుభ్రపరచడానికి నేర్పరియైన చేయి, అందుకు తగిన వ్యయం, అన్నీ ఆ ఒక్క వాచీ వెంట వస్తాయి. జనతా వాచీని చౌరస్తాలోని మరమ్మతు దుకాణంలో ఒక మధ్యాహ్నం విడిచివస్తే సరిపోతుంది. క్రోనోగ్రాఫ్ విషయంలో అట్లు కాదు. ఉన్న ఒక్కటీ మరమ్మతుకు పోతే మణికట్టు బోసిపోతుంది.

ఒక్క వస్తువు మీద మోజు ఎంత దూరం తీసుకొనిపోవునో ఈ నగరానికి మరొక నిదర్శనమున్నది. సాలార్ జంగ్ గారిని పెంచిన మహబూబ్ అలీఖాన్ గారే 1891లో జేకబ్ అనే వర్తకుని వద్ద ఒక వజ్రానికి బేరం కుదుర్చుకొన్నారు. అది వ్యాజ్యమై కలకత్తా హైకోర్టు వరకు పోయింది. తుదకు వజ్రం దక్కింది, మనసులో దానిపై ప్రీతి మాత్రం మిగలలేదు. ఉస్మాన్ అలీఖాన్ గారికి అది తండ్రిగారి పాదరక్షలో దొరికిందని, వారు దానిని కాగితాల మీద బరువుగా వాడుకొన్నారని లోకంలో చెప్పుకొంటారు. 1995లో భారత ప్రభుత్వం నిజాం ఆభరణాలను 218 కోట్ల రూపాయలకు కొన్నప్పుడు అదీ వాటితోపాటు ప్రభుత్వ ఖజానాకు చేరింది.

సాలార్ జంగ్ గారి సేకరణకు పట్టిన గతి ఇంతకంటె చిక్కైనది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసిపోయింది. 1949 మార్చి 2న నవాబు గారు మరణించారు. వయస్సు అరువది కూడా నిండలేదు. భార్య లేదు, సంతానం లేదు. అదే ఏడాది ఆగస్టులో జాగీరులు రద్దైనవి. అనగా ఈ వస్తువులను కొన్న ధనం ఏ బావిలోనుండి ఊరేదో ఆ బావియే ఎండిపోయింది. దేవ్‌డీలోనూ ఇతర భవనాలలోనూ చెల్లాచెదురుగా పడియున్న వేలాది వస్తువులు, హక్కుదారులమని ముందుకు వచ్చిన బంధువులు, ఇదీ పరిస్థితి. ఆస్తి వారసుల మధ్య పంపకమై ఉంటే పింగాణీ ఒక ఇంటికి, కత్తులు ఒక ఇంటికి, గడియారాలు మరొక ఇంటికి పోయి ఉండేవి. అక్కడినుండి ఒక్కొక్కటిగా బజారుకు చేరడానికి ఎంతసేపు? పాతబస్తీలో గొప్ప ఇండ్ల సామాను తక్కెడలో తూగిన రోజులను మా పెద్దలు కండ్లారా చూచినవారే.

అది జరుగలేదు. ప్రభుత్వం సాలార్ జంగ్ ఎస్టేటు కమిటీని నియమించింది. అప్పటి ముఖ్య పౌరపాలకులు ఎం.కె. వెల్లోడి గారు జేమ్స్ కజిన్స్ అనే కళావిమర్శకుని సహాయం కోరారు. ఈ కజిన్స్ మన తెలుగువారికి అపరిచితులు కారు. 1919లో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లెకు వచ్చి జనగణమన గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించినప్పుడు అక్కడి దివ్యజ్ఞాన కళాశాల ప్రధానాచార్యులు వీరే. చెదరియున్న వస్తువులను కూర్చి, దివాన్ దేవ్‌డీలోనే ప్రదర్శనశాలగా అమర్చగా, 1951 డిసెంబరు 16న పండిత జవహర్లాల్ నెహ్రూ దానిని ప్రారంభించారు. ఒక మనిషి పడకగదుల పక్కన పోగుచేసుకొన్న సొత్తును ఊరివారందరూ వచ్చి చూచే వీలు ఆనాటితో కలిగింది.

వారసుల పేచీ మాత్రం ఇంకా మిగిలియుండినది. 1958 డిసెంబరు 26న హైకోర్టు సమక్షంలో రాజీపత్రం ద్వారా వారు సేకరణనంతటినీ భారత ప్రభుత్వానికి విడిచిపెట్టారు. ఈ సంగతిని మ్యూజియం చూడవచ్చినవారు సాధారణంగా గుర్తించరు. సేకరించినవాని పేరు ద్వారం మీద ఉన్నది. విడిచిపెట్టినవారి పేర్లు ఎవరికి తెలుసు? ఒక్కొక్కరి వాటాకు ఎంత వచ్చేదో లెక్క వేసుకొని కూడా సంతకం పెట్టినవారిని మేము తక్కువగా ఎంచలేము. 1961లో పార్లమెంటు చట్టం చేసి దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1963లో మూసీ దక్షిణతీరాన నూతన భవనానికి పునాది పడింది. 1968లో రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ గారు దానిని ప్రారంభించారు. దివాన్ దేవ్‌డీ చాలావరకు నేలమట్టమైపోయింది. ద్వారాలు నిలిచియున్నవి, లోపల బట్టల వ్యాపారం జరుగుచున్నది. ఫలక్‌నుమా మాత్రం 2010 నుండి హోటలుగా వెలుగుచున్నది. దానిలోనికి పోవాలంటే మా వంటివారికి జేబు చాలదు. మూసీ ఒడ్డున ఉన్న వేలాది వస్తువులను మాత్రం మా విద్యార్థులు ఏడాదికొకమారైనా చూచి వస్తున్నారు.

గత శీతాకాలంలో మా అధ్యాపకులను కూడా వెంటబెట్టుకొని అందరమూ అక్కడికి పోయినాము. వారు మొదట రావడానికి ఇష్టపడలేదు. మేమందరమూ కలిసి బేరం చెడగొట్టడానికే తీసుకొనిపోతున్నామని వారి అనుమానం. అనుమానం పూర్తిగా నిరాధారం కూడా కాదు. పన్నెండుకు పది నిమిషాలుండగా బల్లల మీద కూర్చొన్నాము. మా ముందు ఏదో పల్లెటూరి పాఠశాల పిల్లలు నేలమీదనే బాసిపట్టు వేసుకొని కూర్చొన్నారు. కమ్మరి కొట్టుచునే ఉన్నాడు. గడ్డపు మనిషి వచ్చినాడు. పిల్లలు దెబ్బలను పైకి లెక్కపెట్టసాగారు. మా అధ్యాపకులు జేబులోనుండి తండ్రిగారి వెండి గడియారాన్ని తీసి చూచుకొన్నారు. అది నాలుగు నిమిషాలు వెనుకబడియుండినది. వారు ముల్లును సరిచేసి, చావి త్రిప్పి, మరల జేబులో వేసుకొన్నారు.

మరునాడు వర్తకుని వద్దకు పోయి, పదమూడు గడియారాలు ఇస్తాను, జేబుగడియారం ఒక్కటి ఇవ్వనన్నారట. వర్తకుడు పెట్టెను మూసి వెనుకకు జరిపినాడట. అప్పటికిగాని మాకు తెలియలేదు, అతని బేరమంతా ఆ ఒక్క వెండి గడియారం మీదనే నడిచిందని. మిగిలిన పదమూడింటికీ కలిపి అతడు చెప్పిన వెల క్రోనోగ్రాఫ్ తోలుపట్టీకి కూడా చాలదు.

పెట్టె తిరిగి ఇంటికి వచ్చింది. క్రోనోగ్రాఫ్ మీది కోరిక చావలేదని వారే ఒప్పుకొంటున్నారు. కొంత సొమ్ము కూడబెడుచున్నట్లు కూడా విన్నాము. ఈలోగా ప్రతి శుక్రవారం ఉదయం పద్నాలుగింటికీ చావి త్రిప్పే పని మా కళాశాలలోనే చదువుచున్న వారి మనుమరాలికి అప్పగించారు. ఏ గడియారానికి ఎన్ని చుట్లో ఒక చీటీ మీద వ్రాసి పెట్టె మూతకు లోపలివైపు అంటించారు. జేబుగడియారానికి మాత్రం ఎన్ని చుట్లో వ్రాయలేదు. దానికి చావి వారే త్రిప్పుతారు.